అట్టలో మూడు వారాలు

జనవరి 11

నా సూదిపిల్లకి,

నీ ఉత్తరం రాగానే కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికి, చివరికి అది ముక్కు మీదే ఉందని తెలుసుకున్న మీ నాన్న పట్టలేని సంతోషంతో రాస్తున్నది.

ఉత్తరమమ్మా! నీ చేత్తో రాసింది! పోస్టుమాన్ ఇస్తూ "ఏం పెద్దాయనా, కోర్టు కాగితమా?" అన్నాడు. "నీ నోట్లో మట్టి పడ, నా కూతురయ్యా!" అన్నాను. మన బైండింగు షాపు ఉన్నచోట ఇప్పుడు జిరాక్సు మిషను పెట్టుకున్నావిడ ఉంది కదా, కిందకి దిగి ఆవిడకి చూపించాను. కవరు ఒక్కటే చూపించానులే. లోపలిది మన ఇద్దరిదీ.

పెళ్లయిన రెండు నెలలకే అల్లుడుగారు నీ ఫోను తీసుకుని తన దగ్గర పెట్టుకున్నారని రాశావు. "నువ్వు నా దానివి, ఇంకొకరి గొంతు నీ చెవిలో పడకూడదు" అన్నారని రాశావు. అబ్బబ్బ! చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ మాట నేను ఎన్నిసార్లు కుట్టానో! నలభై ఏళ్లు వారపత్రికల్లోంచి ప్రేమ సీరియళ్లు కోసి, వారం వెనక వారం పేర్చి, కుట్టి, అట్ట వేసి అద్దె పుస్తకాల షాపుకి ఇచ్చినవాణ్ణి. కుట్టే ముందు ప్రతిదీ చదివినవాణ్ణి. నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది కానీ ప్రేమ సంగతిలో నన్ను మించినవాడు ఈ వీధిలో లేడు. ఆ కథల్లో హీరోలు ఇలాగే మాట్లాడేవారు. నిజంగా అలా మాట్లాడే మగాడు ఒకడుంటాడనీ, వాడు నాకే అల్లుడవుతాడనీ కలగన్నానా?

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మీ అమ్మని నేను ఒక్కనాడూ గట్టిగా ఒక్క మాట అనలేదు. ఎక్కడికెళ్లావని అడగలేదు. సినిమాకి వెళ్తానంటే వెళ్లమన్నాను, వాళ్ల అక్క దగ్గర పది రోజులుంటానంటే ఉండమన్నాను. పోయే ముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "మంచివాడివే గానీ నువ్వు కథల్లో మనిషివి కాదయ్యా" అని నవ్వింది. వేళాకోళానికే అంది, తెలుసు. కానీ అది నా గుండెల్లో ముల్లులా ఉండిపోయింది తల్లీ. ఆవిడకి నేను ఇవ్వలేనిది నీకు దక్కింది.

ఫోను లేకపోతే మనకి వచ్చిన నష్టమేమీ లేదు, ఉత్తరాలున్నాయి. నీ ప్రతి ఉత్తరం దాస్తాను. జిగురు గిన్నె మీద మీగడ కడుతోంది, స్కూలు రికార్డులు నాలుగు మిగిలాయి, ఉంటాను.

నువ్వు సూదిలో దారం ఎక్కించి ఇస్తే తప్ప కుట్టడం చేతకాని,
మీ నాన్న


జనవరి 24

నాన్నా,

నీ ఉత్తరం నాకంటే ముందు ఆయన చదివారు. మా ఇంట్లో ఏ కవరైనా అంతే. చదివి నవ్వి, "మీ నాన్న బంగారం" అన్నారు. నాకు భయం వేసింది.

ఈ ఉత్తరం ఆయనకి తెలియదు. లాండ్రీ ఆవిడ పోస్టు చేస్తుంది. కాబట్టి ఇందులో సంగతులేవీ నీ జవాబులో ఎత్తకు. నీకు అలవాటు లేదని తెలుసు, ఈ ఒక్కసారికి నోరు కట్టేసుకో. చివర్లో ఒక పుస్తకం గురించి అడుగుతాను, దానికి మాత్రం రాయి.

ఫోను సంగతి నేను సంబరపడుతూ రాయలేదు. ఆ ఉత్తరం ఇంకోసారి చదువు.

కళ్లద్దాల షాపు మానేశాను. మానిపించారు. నెంబరు చూడాలంటే ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి కదా, అది నా పని. నాలుగు రోజులు రోడ్డుకి అవతల నిలబడి గాజు తలుపులోంచి చూశారు. ఐదో రోజు లోపలికి వచ్చి చెయ్యి పట్టుకుని లేపేశారు. అప్పుడు నా ముందు కూర్చున్నాయనకి డెబ్బై ఐదేళ్లు నాన్నా, రెండు కళ్లకీ శుక్లాలు. ఇంటికొచ్చాక నవ్విద్దామని "ఆయనకి నేను ఉన్నాననే కనిపించదండీ" అన్నాను. నవ్వలేదు. పళ్లెం గోడకేసి కొట్టారు. తర్వాత నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చారు. నేనే ఓదార్చాను. ఆ ముక్కలు నేనే ఎత్తాను.

ఇప్పుడు డ్యూటీకి వెళ్తూ తలుపుకి బయటినుంచి తాళం వేస్తారు. లిఫ్టు మెకానిక్కు కదా, "లోపల ఇరుక్కున్నవాళ్లని బయటికి తీయడమే నా వృత్తి" అని అందరితో గొప్పగా చెప్పుకుంటారు. మూడో అంతస్తు. నాకున్నది వరండా వైపు కిటికీ ఒక్కటే. దాని ఊచల్లోంచే లాండ్రీ ఆవిడ బట్టలు తీసుకుంటుంది.

నీ దగ్గర్నుంచి ఆకుపచ్చ గుడ్డ అట్ట పుస్తకం తెచ్చుకున్నాను, గుర్తుందా? పద్నాలుగేళ్లప్పుడు దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. అందులో మిల్లు యజమాని కోపంతో ఆ అమ్మాయిని మేడ మీద గదిలో పెట్టి తాళం వేస్తాడు. పేజీ తిప్పితే ఇద్దరూ తోటలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉంటారు. ప్రేమంటే అంతే అనుకున్నాను అప్పుడు. ముందు తాళం, తర్వాత తోట. పెళ్లికి ముందు ఈయన నా చేతిలో ఫోను లాక్కుని ఎవరితో మాట్లాడుతున్నానో చూసినప్పుడు కూడా, నిజం చెబుతున్నాను, లోపల ఒక రకం సంతోషం కలిగింది. ఇక తోట వస్తుంది అనుకున్నాను.

నిన్న మళ్లీ చదువుతుంటే ఇప్పుడు కనిపించింది. తాళం వేసేది ముప్పయ్యో వారం. తోట ముప్పై నాలుగో వారం. మధ్యలో మూడు వారాలు లేవు. అవి ఏవి నాన్నా? ఆ గది తాళం ఎవరు తీశారు?

నీ సూదిపిల్ల


ఫిబ్రవరి 3

బంగారు తల్లికి,

నిన్నటి నుంచి కాళ్లు నేల మీద నిలవని మీ నాన్న రాయునది ఏమనగా,

పిచ్చిపిల్లా, జవాబులో ఎత్తొద్దట! సిగ్గుపడే ఆడపిల్ల అలాగే అంటుందని నాకు తెలియదా? నలభై ఏళ్ల అనుభవమమ్మా నాది. అల్లుడుగారు చదివితే చదవనీ. బాబూ, మీరూ వినండి: నాలుగు రోజులు ఎండలో రోడ్డు మీద నిలబడి భార్యని చూసుకున్న మొగుడు ఈ కాలంలో ఎక్కడున్నాడు? డెబ్బై ఐదేళ్ల ముసలాయన మీద కూడా ఈర్ష్యపడ్డారంటే, అబ్బ, చదివి పొట్ట పట్టుకుని నవ్వాను, ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నాను. పళ్లెం పగలగొట్టి ఏడ్చారంటే ఎంత వెన్నలాంటి మనసు! మా అమ్మాయి అవన్నీ పూసగుచ్చినట్టు రాసింది. మర్చిపోలేకపోతోందన్నమాట. లాండ్రీ ఆవిడకి కూడా నా నమస్కారాలు చెప్పండి, మా ఉత్తరాలు భద్రంగా చేరవేస్తున్నందుకు.

ఇక నీ ప్రశ్న. భలే పట్టావు దొంగా! ఇన్నేళ్లలో ఎవరూ పట్టలేదు.

ఆ మూడు వారాలు నేనే తీసేశాను. అద్దె పుస్తకాల షాపావిడ ఒకరోజు పుస్తకం పట్టుకొచ్చి, "ఇదిగో, ఈ మూడు వారాలు చదివినవాళ్లు తర్వాతి భాగం అడగట్లేదు, ఇంటికెళ్లి మొగుళ్లతో తగువులు పెట్టుకుంటున్నారట, నా షాపు మీదకి వస్తున్నారు, తీసేయండి" అంది. చదివి చూస్తే నాకూ అదే అనిపించింది. ఏముందని అందులో? ఆ అమ్మాయి కిటికీ అద్దం పగలగొట్టుకుని పుట్టింటికి పోతుంది. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసే ముసలాడు. తలుపు తీస్తాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మిల్లు యజమాని కారేసుకుని వస్తాడు, బతిమాలతాడు, బెదిరిస్తాడు. ముసలాడు కుర్చీ దిగడు. మూడు వారాలు ఇదే! ఆ గాడిద కొడుకు పక్కకి జరిగి ఉంటే జంట ఎప్పుడో కలిసేది కదా? అందుకే కోసి పారేశాను. పారేయడమంటే పారేయలేదులే. మన షాపులో కాగితం ముక్క వృథా పోయేది కాదు. ఆ పేజీలన్నీ ఒకదాని మీద ఒకటి అంటించి ఆ పుస్తకానికే అట్ట చేశాను. నీ చేతిలో ఉన్న ఆకుపచ్చ అట్ట లోపల ఉన్నవి అవే. అందుకే అది అంత గట్టి.

ఎంత అదృష్టవంతురాలివే నువ్వు!

సంతోషంతో ఒకే సంగతి రెండుసార్లు రాశానేమో, సర్దుకో,
మీ నాన్న


ఫిబ్రవరి 20

నాన్నా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు ఇలాగే ఉంటాయి. నీ ఉత్తరం ఆయన బల్ల మీద పెట్టి నా చేత బిగ్గరగా చదివించారు. చదవడం అయ్యాక ఏం జరిగిందో రాయను. కుడి చెయ్యి తలుపు సందులో ఉండగా తలుపు వేశారు, అంతవరకే రాస్తాను.

లాండ్రీకి బట్టలు వేయడం మానిపించారు. అయినా ఆవిడ రోజూ చేతిలో మూట లేకుండానే మూడంతస్తులు ఎక్కి వస్తోంది. కిటికీ దగ్గర ఒక్క నిమిషం నిలబడి, "ఉన్నావా అమ్మా" అని అడిగి పోతుంది. ఈ ఉత్తరం ఆవిడకే ఇస్తున్నాను.

ఆకుపచ్చ అట్టని బకెట్లో నానబెట్టాను. నీ జిగురు నాన్నా, రెండు రోజులు ఊడలేదు. ఒక్కో పేజీ ఒలిచి స్నానాల గదిలో ఆరేసుకున్నాను. సగం అక్షరాలు పక్క పేజీకి అంటుకుపోయాయి. చాలావరకు చదివాను. అందులో ఆ గడియారాల ముసలాయన అంటాడు: "ఎందుకొచ్చావని నేను అడగను. తలుపు ఉన్నది తీయడానికే." ఆ వాక్యం దగ్గర కూర్చుండిపోయాను. ఆయన ఇన్నేళ్లూ నా దిండు కిందే ఉన్నాడు. నువ్వు ఆయన్ని అట్ట చేసేశావు.

నీ మీద కోపం లేదు. నువ్వు అమ్మని ఒక్క మాట అనలేదని రాశావే, అది తక్కువ అనుకుంటున్నావా? అమ్మ ఎక్కడికెళ్లినా పాట పాడుకుంటూ ఇంటికి వచ్చేది. ఇక్కడ నాకు పాట గుర్తు రావడం లేదు.

ఇది సీరియల్ కాదు. ఇప్పుడు రాసేది మూడుసార్లు చదువు. వాచ్‌మన్ దగ్గర అన్ని ఫ్లాట్లకీ రెండో తాళంచెవి ఉంటుంది. లాండ్రీ ఆవిడ అడిగి తెస్తానంది. మార్చి నాలుగు, మంగళవారం, ఆయన పక్క ఊళ్లో లిఫ్టు బిగించడానికి వెళ్తారు. నేను పొద్దున బస్సెక్కి పదకొండింటికి నీ దగ్గర దిగుతాను. బస్టాండుకి రా. నన్ను ఇంటికి తీసుకుపో. ఎవరొచ్చి పిలిచినా గుమ్మంలోంచి కదలకు. అంతకంటే నేను నిన్నేమీ అడగను.

ఎవరికీ చెప్పకు. ఆయనకి అసలు చెప్పకు.

సూదిపిల్ల


మార్చి 6

నా చిట్టి మహారాణికి,

ఇంకా బస్టాండులోనే ఉన్నట్టున్న మీ నాన్న ఆనందబాష్పాలతో రాస్తున్నాడు, అక్కడక్కడ సిరా అలుక్కుంటే అందుకే.

ఎలా ఉంది తల్లీ నా ఏర్పాటు? చెబితే కోప్పడతావని చెప్పలేదు. నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే మూడుసార్లు చదివాను. మూడోసారికి అర్థమైంది. ఇది ముప్పయ్యో వారం! ఆఖరికి వచ్చేసరికి ప్రతి హీరోయినూ వెళ్లిపోతాననే అంటుంది. స్టేషనులో రైలు కదిలే ముందు అతను పరిగెత్తుకుని వస్తాడు. "ఆయనకి అసలు చెప్పకు" అని నువ్వు గీత గీసి రాశావంటే, "నాన్నా, చెప్పు" అని కాక మరేమిటి? జిరాక్సు ఆవిడ చేత అల్లుడుగారి ఫోనుకి కలిపించుకుని మాట్లాడాను. నేను రెండు ముక్కలు చెప్పగానే, "మీరేం కంగారు పడకండి మామయ్యగారూ, నేను వచ్చి తీసుకెళ్తాను" అన్నారు. ఎంత నిబ్బరం!

ఇంకో సంగతి నీకు తెలియదు. మొదటి ఉత్తరం నుంచి ఎడమ చేత్తో రాసినదాని వరకు నీ ఉత్తరాలన్నీ పేర్చి పుస్తకం కుట్టాను. ముదురు ఎరుపు గుడ్డ, మూలలకి తోలు. సూదిలో దారం ఎక్కించడానికే ఒక పూట పట్టింది. ప్రేమించిన మగాడికి ఇంతకన్నా మంచి కానుక ఏముంటుంది? వెనకాల నలభై తెల్ల కాగితాలు వదిలాను, ముందు ముందు రాయబోయే ఉత్తరాలకి.

అల్లుడుగారు బస్సుకి గంట ముందే వచ్చారు. బెంచీ మీద కూర్చోబెట్టి పుస్తకం చేతిలో పెట్టాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివారు. టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. తలెత్తేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా భుజం మీద చెయ్యి వేసి, "మామయ్యగారూ, మీరు నాకు చేసిన మేలు ఎవరూ చేయలేదు" అన్నారు.

నువ్వు బస్సు మెట్టు మీద మమ్మల్నిద్దర్నీ చూసి అలాగే రాయిలా నిలబడిపోయావు చూడు! కండక్టరు "దిగమ్మా, దిగు" అంటున్నా కదల్లేదు. అల్లుడుగారే పైకి వచ్చి మణికట్టు పట్టుకుని దింపారు. బస్టాండంతా మీ వైపే చూస్తోంది. నువ్వు ఆయన్ని చూడలేదు. తల తిప్పి తిప్పి నన్నే చూశావు. ఆ చూపుకి అర్థం నాకు తెలియదనుకున్నావా? ఇంత సంతోషం ఎలా ఇచ్చావు నాన్నా అనేగా?

ఆ రోజు పొద్దున ఎందుకో నీ మంచం దులిపి దుప్పటి మార్చాను. గుమ్మంలో కుర్చీ కూడా వేశాను, ఊరికే, గాలికి. ఇంటికొచ్చాక కాసేపు అందులో కూర్చున్నాను. వీధిలో ఎవరూ రాలేదు.

చెయ్యి నయమైందా? నూనె రాయి.

ఏడో తరగతి ఎనిమిదో తరగతి చదివినవాళ్లకి కూడా ఇంత బాగా కుదరని కథ నడిపిన,
మీ నాన్న


మార్చి 29

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. మేము ఇక్కడ క్షేమంగా ఉన్నాము. మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాము.

మీరు కుట్టి ఇచ్చిన పుస్తకాన్ని ఆయన ముందు గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తారు. నేను చేసిన పొరపాట్లన్నీ అందులో ఉన్నాయి కనుక అప్పుడప్పుడు నా చేత చదివిస్తారు. లాండ్రీ ఆవిడ ఇప్పుడు ఈ వీధిలో లేరు. వాచ్‌మన్ కూడా మారారు. వరండా కిటికీకి రేకు వేయించారు. ఇంట్లోకి ఎండ రాకుండా ఉంది. నా చెయ్యి నయమైంది.

ఇక నేను ఉత్తరాలు రాయనవసరం లేదని, నెలకొకసారి ఆయనే మీతో ఫోనులో మాట్లాడతారని చెప్పమన్నారు.

ఒక చిన్న మాట. పుస్తకం వెనక అట్ట ఉబ్బింది. బీరువాలో బాగా కనిపించడం లేదని ఆయన దాన్ని మీకు పార్సెల్ చేస్తున్నారు. మీరు ఒకసారి ఆకుపచ్చ పుస్తకం అట్ట గురించి రాశారు. ఇదీ అలాంటిదేనేమో. దయచేసి దాన్ని విప్పి చూడండి నాన్నగారూ. మీరే విప్పి చూడండి.

ఇట్లు,
మీ కుమార్తె


ఏప్రిల్ 8

పూజ్యులైన నాన్నగారు అనిపించుకున్న అదృష్టవంతుడు రాస్తున్నది,

"నాన్నా, నువ్వు" పోయి "నాన్నగారూ, మీరు" వచ్చింది! అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్క కొట్టివేత లేదు. పెళ్లయ్యాక ఎంత పెద్దదానివయ్యావే! ఐదు నెలల్లో అల్లుడుగారు నేర్పింది నేను ఇరవై ఆరేళ్లలో నేర్పలేకపోయాను. నువ్వు ఉత్తరాలు మానేస్తున్నావంటే మొదట చివుక్కుమన్న మాట నిజం. తర్వాత ఆలోచించాను. కథ సుఖంగా ముగిశాక ఇంకా వారాలు పొడిగిస్తే ఎవరు చదువుతారు?

పుస్తకం అందింది. అట్ట చూసి నా తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్లలో నా చేతి అట్ట ఒక్కటి ఉబ్బలేదు, ఉబ్బక ఉబ్బక నా కూతురి పుస్తకమా! వేలితో తడిమాను. మధ్యలో మందంగా ఉంది, నాలుగు మడతలు పెట్టిన కాగితమంత. అంచున గుడ్డ లేచి ఉంది. ఎవరో పిండి ముద్దతో మళ్లీ అంటించినట్టు మరకలు. నువ్వే కదూ? అట్ట ఊడుతుంటే అల్లుడుగారు చూస్తారని భయపడి నీకు చేతనైనట్టు అతికించావు. నా సూదిపిల్లవే నువ్వు.

విప్పి చూడమన్నావు. కత్తి కూడా తీశాను. అంచు దగ్గర పెట్టాను కూడా. అంతలో చెయ్యి ఆగింది. ఒకసారి కోసిన గుడ్డ మునుపటిలా అతకదు తల్లీ, మచ్చ పడుతుంది. నలుగురికీ చూపించుకునే వస్తువు. నీ సంసారానికి మచ్చ నా చేత్తో పెడతానా? అందుకని విప్పలేదు.

చిక్కటి జిగురు కాచి, లేచిన అంచులోంచి సన్నటి కుంచెతో లోపలికంటా పట్టించాను. కింద మూల పడి ఉన్న ఇనప ప్రెస్సుని జిరాక్సు ఆవిడ సాయం పట్టి పైకి తెచ్చాం. పుస్తకం అందులో పెట్టి, పిడి నాకు తిరిగినంత తిప్పాను. ఇంక తిరగదు అనిపించాక ఇంకో రెండు చుట్లు ఆవిడ తిప్పింది. ఐదు రోజులు అలాగే ఉంచాను.

ఈ పూట తీశాను. చూస్తే ముచ్చటేస్తుందమ్మా! అద్దంలా ఉంది. మడతా లేదు, మందమూ లేదు. లోపల ఏ కాగితం లేచి ఉన్నా అట్టతో కలిసిపోయింది, ఇక ఏ బకెట్లో నానబెట్టినా ఊడిరాదు. రేపే అల్లుడుగారి పేరు మీద పార్సెల్ చేస్తాను.

మా పనిలో ఆఖరి పరీక్ష ఒకటుంటుంది, నీకూ చిన్నప్పుడు నేర్పాను. అట్ట మీద వేలి కణుపుతో తట్టాలి. లోపల ఎక్కడైనా ఖాళీ ఉంటే టక్కుమని బదులు వస్తుంది. రాకపోతే పని బాగా కుదిరినట్టు.

తట్టాను తల్లీ. చెవి ఆనించి మరీ, నాలుగు మూలలా తట్టాను. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు.

మీ నాన్న